ముక్కుకు తగిన నీరు

నెల్లూరు నుండి చెన్నై వైపు సాగే జాతీయ రహదారిపై నాయుడుపేట దాటిన తరువాత, దొరవారిసత్రం సమీపంలో నేలపట్టు అనే చిన్న గ్రామం ఉంది. ఊరు చిన్నదే అయినా దాని చెరువు పక్షి ప్రేమికులందరికీ పరిచితమే. అక్కడి నుండి దక్షిణంగా ప్రయాణిస్తే సూళ్ళూరుపేట, ఆ పట్టణానికి తూర్పున పులికాట్ సరస్సు వస్తాయి. సముద్రపు నీరూ నదుల నీరూ కలిసే సరస్సులలో ఒడిశాలోని చిలికా తరువాత మన దేశంలో దీనినే పెద్దదిగా చెబుతారు. చెరువులో గూడు, సరస్సులో కూడు: శీతాకాలమంతా ఇక్కడి పక్షుల జీవితం ఈ రెండు నీటి వనరుల మధ్యనే గడుస్తుంది.

గత శీతాకాలంలో మదరసా పై తరగతుల విద్యార్థులు కొందరితో కలిసి ఈ రెండు చోట్లకూ వెళ్ళాను. ఫజ్ర్ నమాజు ముగించుకొని బయలుదేరాము. దారిలో విద్యార్థులకు ఒక్కటే మాట చెప్పాను: "పక్షి కనబడగానే రంగు చూడకండి, ముందు ముక్కు చూడండి. అది ఏమి తింటుందో, ఎక్కడ తింటుందో మీరే చెప్పగలరు." పక్షికి చేతులు లేవు, వాటి స్థానంలో రెక్కలున్నాయి. కనుక మనం చేతితోనూ, కత్తితోనూ, గరిటెతోనూ, జల్లెడతోనూ చేసుకొనే పనులన్నీ అది ముక్కుతోనే చేసుకోవాలి. లోపల ఎముక, పైన మన గోళ్ళవంటి గట్టి పొర. అరిగినకొద్దీ ఆ పొర పెరుగుతూనే ఉంటుంది. సామగ్రి అన్నింటికీ ఒక్కటే. ఆకారాలు మాత్రం ఎన్నో.

నేలపట్టు చెరువులో నీటి నడుమ నిలబడి పెరిగే కడప చెట్లున్నాయి. వాటి కొమ్మలపై మొదట కనిపించినవి గూడబాతులు. ఆ పేరు వినగానే వెనుకటి రోజుల్లో పొలాలకు నీరు తోడిన గూడ గుర్తుకు వస్తుంది. దాని పొడవాటి ముక్కు కింద సాగే తోలుసంచి కూడా అటువంటి పనే చేస్తుంది. చేపను సంచితో నీటితో సహా తోడి, ముక్కును రొమ్ముకు ఆనించి నీటిని బయటకు వదిలి, ఆ తరువాతే చేపను మింగుతుంది. ఆ సంచిలో చేపలను దాచుకొంటుందని చాలామంది అనుకొంటారు. అది నిజం కాదు. సంచి వల వంటిది, మూట కాదు. గూటికి చేరిన తల్లి గానీ తండ్రి గానీ నోరు తెరిస్తే, పిల్ల తన తలను లోపలికి దూర్చి ఆహారం అందుకొంటుంది.

ఆ పక్క కొమ్మపై నత్తగుల్ల కొంగ ఉంది. "హజ్రత్, దీని ముక్కు విరిగిపోయిందా?" అని ఒక విద్యార్థి అడిగాడు. ప్రశ్న సహజమైనదే. ముక్కు మూసుకొన్నా పై దవడకూ కింది దవడకూ మధ్య సందు మిగిలే ఉంటుంది. ఇది నత్తలను పగులగొట్టే అడకత్తెర వంటిదని జూలియన్ హక్స్లీ వంటి గొప్ప జీవశాస్త్రవేత్త కూడా భావించాడు. తరువాతి పరిశీలకులు ఆ అభిప్రాయాన్ని అంగీకరించలేదు. ఈ కొంగ గుల్లను పగులగొట్టదు. ముక్కు కొనను గుల్ల మూత వెనుకకు చొప్పించి, లోపలి మెత్తని ప్రాణిని ఒడుపుగా బయటకు లాగుతుంది. ఆశ్చర్యమేమిటంటే, పిల్ల కొంగకు ఈ సందు ఉండదు. పెరిగే కొద్దీ ఏర్పడుతుంది.

ప్రొద్దెక్కకముందే సూళ్ళూరుపేట చేరి శ్రీహరికోట దారి పట్టాము. ఆ దారి సరస్సు మధ్యగా సాగుతుంది. రెండు వైపులా నీరే. లోతు తక్కువైన చోట తెడ్డుమూతి కొంగలు వరుసగా నడుస్తున్నాయి. కొన వెడల్పైన ముక్కును కొద్దిగా తెరచి, నీటిలో కుడికీ ఎడమకూ ఊపుతూ, ఏ చిరు ప్రాణి తగిలినా టక్కున మూసివేస్తాయి. ఎర్రకాళ్ళ కొంగలు కూడా సగం తెరచిన ముక్కును నీటిలో ముంచి, స్పర్శతోనే చేపను పసిగడతాయి. నీరు బురదగా ఉన్నా వాటి వేట ఆగదు.

ఇంకొంత దూరంలో లేత గులాబీ రంగు తెర పరచినట్లు రాజహంసలు, అనగా ఫ్లెమింగోలు. వాటి ముక్కు మధ్యలో కిందికి వంగి ఉంటుంది. తల వంచి తినేటప్పుడు ముక్కు తలక్రిందులై, పై దవడ కిందికీ, కింది దవడ పైకీ వస్తాయి. మందమైన నాలుక పంపువలె నీటిని లోపలికి పీల్చి బయటకు నెడుతుంది. ముక్కు అంచులలోని సన్నని పళ్ళెరలు జల్లెడవలె ఆహారాన్ని నిలుపుతాయి. పెద్ద ఫ్లెమింగో చిన్న రొయ్యలవంటి జీవులనూ, పురుగులనూ వడగడుతుంది. చిన్న ఫ్లెమింగో జల్లెడ మరింత సన్ననిది; కంటికి కనబడని నాచును కూడా పట్టుకొంటుంది. గుంపులో బూడిద రంగువి పిల్లలు. గులాబీ రంగు ఆహారం నుండే క్రమంగా వస్తుంది. గుడ్డు నుండి వచ్చిన పిల్లకు ముక్కు తిన్నగా ఉంటుంది, వడగట్టడం చేతకాదు. అది వంగి, జల్లెడ ఏర్పడే వరకు తల్లీ తండ్రీ ఇద్దరూ తమ గొంతులో ఊరే పాలవంటి ఎర్రని ద్రవంతో దానిని పోషిస్తారు.

ఒడ్డు బురదలో ఉల్లంకి జాతి చిన్న పక్షులు. పొట్టి ముక్కుది పైపైన ఏరుకొంటుంది, పొడవు ముక్కుది లోతున పొడుస్తుంది, వంపు ముక్కుది పీతల బొరియలలోకి దూరుస్తుంది. ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ అందరూ కూర్చున్నారు. ఎవరి పళ్ళెం వారిదే కనుక తగవు తక్కువ. ఇది సృష్టికర్త ఏర్పాటు.

అయితే ఈ ఏర్పాటులో ముక్కు సగమే. మిగిలిన సగం నీరు. ఒడ్డున వల ఆరవేస్తున్న ఒక పెద్దాయనను పలకరిస్తే, "సాయిబు గారూ, నీళ్ళుంటేనే మాకైనా పిట్టలకైనా. ముఖద్వారం ఇసుకతో పూడితే సముద్రం లోపలికి రాదు, చేపా రాదు" అన్నారు. ఆయన మాటలో సరస్సు కథ అంతా ఉంది. స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదులు వానల్లో నీటితో పాటు మట్టిని కూడా తెస్తాయి. సముద్రంతో కలిపే ముఖద్వారాలు ఇసుకతో మేటవేస్తాయి. వేసవిలో ఉత్తర భాగం చాలామేర ఎండి నేల బయటపడుతుంది. నీరు మరీ తగ్గితే గూడబాతుకు చేప లేదు. మరీ పెరిగితే కాళ్ళతో నిలిచి వెతికే కొంగకు అడుగు అందదు. చెరువు ఎండితే నత్త లేదు.

మనిషి పనిముట్టును మార్చుకోగలడు. గాలం పని చేయకపోతే వల, అదీ కాకపోతే మరో వృత్తి. పక్షి ముక్కు అనేక తరాల కాలంలో ఆహారానికి తగినట్లు రూపొందింది. ఒక కరవు ఏడాదిలో అది మారదు. ఉదయం ఖాళీ కడుపుతో గూడు విడిచే పక్షి తన వంతు ప్రయాస చేస్తుంది. అది వాలే చోట నీరు, బురద, నత్త మిగిలి ఉండడం చాలావరకు మన చేతుల్లో ఉంది. ఉపాధిని ప్రసాదించేవాడు అల్లాహ్ అని నమ్మేవారు, ఆ ఉపాధి దొరికే చోటును పాడుచేయడాన్ని తేలికగా తీసుకోరాదు.

ఈ విషయం నేలపట్టు రైతులకు ఎవరూ నేర్పనవసరం లేదు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువవుతుందని వారికి తెలుసు. అందుకే పక్షులను తమ అతిథులుగా చూసుకొంటారు, వాటికి హాని తలపెట్టరు.

పిల్లలతో వెళ్ళదలచిన వారు నవంబరు నుండి ఫిబ్రవరి లోపు, తెల్లవారు వేళకు చేరేటట్లు వెళ్ళాలి. దుర్భిణి ఉంటే వెంట ఉంచుకోండి. గూళ్ళ దగ్గర కేకలు వేయనివ్వకండి. అదిరిన తల్లి ఎగిరిపోతే పిల్ల ఎండకూ కాకులకూ గురవుతుంది. ప్లాస్టిక్ సంచులు, సీసాలు తిరిగి ఇంటికే తెచ్చుకోండి. పక్షి పేరు తెలియకపోయినా ఫరవాలేదు. ముక్కు చూసి దాని భోజనం ఏమిటో ఊహించమని పిల్లలను అడగండి, ఆ భోజనం ఈ నీటిలో ఇంకా ఉందో లేదో కూడా చూడమనండి.