పాదాలతో విన్న పాట

జనసమూహం కర్మాగార ఉద్యోగికి కొత్త కాదు. షిఫ్టు మారే వేళ గేటు వద్ద కిక్కిరిసే జనాన్ని మూడు దశాబ్దాలకు పైగా చూచినవాణ్ణి. అయితే ఆ సమూహంలో ప్రతివారికీ ఒక తొందర ఉంటుంది. ఒకరికి ఇల్లు, ఒకరికి బస్సు, మరొకరికి క్యాంటీను. ఏ తొందరా లేక, కేవలం ఒక లయ కోసం గుమికూడి, చివరకు ఆ లయలో తామే ఒక వాద్యమైపోయే జనాన్ని చూసే అవకాశం పదవీ విరమణ అనంతరం, నైజీరియాలోని లాగోస్ నగరంలో నాకు లభించింది.

పాఠక మిత్రులకు ముందుగా ఒక విషయం మనవి చేయాలి. నా సర్వీసులో అధిక భాగం టర్బైన్ హాలులో గడిచింది. నిమిషానికి 3000 చుట్లు తిరిగే యంత్రాల సన్నిధిలో వినికిడి కొంత హరించుకుపోయింది. అధిక శబ్దం వల్ల కలిగే చెవుడు సాధారణంగా 4000 హెర్ట్జ్ పరిసరాలలో మొదలవుతుంది. మంద్రస్వరాలు చాలాకాలం నిలుస్తాయి. సన్నని ధ్వనులు ముందుగా సెలవు తీసుకుంటాయి. కర్ణాటక సంగీతమంటే ప్రాణమిచ్చే నాకు వయొలిన్‌లోని నగిషీ, గాయకుడి సాహిత్యం క్రమంగా అందకుండా పోయాయి. ప్రక్కవారు ‘ఆహా’ అన్నప్పుడు వారిని చూసి తల ఊపడం మనసుకు కష్టమనిపించి, కచేరీలకు వెళ్ళడమే మానుకున్నాను. సంగీతంతో నా ఋణం తీరిపోయిందనే భావించాను.

2019 ఆరంభంలో అమ్మాయి, అల్లుడు లాగోస్‌కు పిలిపించుకున్నారు. ఒక ఆదివారం సాయంత్రం అల్లుడు, “మామయ్యగారూ, ఈ ఊరు వచ్చి ష్రైన్ చూడకుండా వెళ్ళకూడదు” అన్నాడు. వినబడని సంగీతానికి ఎందుకులే అనుకుంటూనే బయలుదేరాను. అలవాటు చొప్పున చెవి ప్లగ్గులు రెండు జతలు జేబులో వేసుకున్నాను.

ఇకేజా ప్రాంతంలోని న్యూ ఆఫ్రికా ష్రైన్ 2000లో ప్రారంభమయింది. ఆఫ్రోబీట్ సంగీతానికి ఆద్యుడైన ఫేలా కుటీ స్మృతికి ఆయన సంతానం ఫెమీ, యేనీ కలిసి నిర్మించిన వేదిక ఇది. ఫేలా 1938లో అబెయోకుటాలో జన్మించి, లండన్‌లో సంగీతం అభ్యసించాడు. పశ్చిమాఫ్రికా హైలైఫ్‌ను, అమెరికా జాజ్‌ను, ఫంక్‌ను యోరుబా లయలతో మేళవించాడు. డ్రమ్ముల విద్వాంసుడు టోనీ అలెన్ ఆ మేళవింపునకు వెన్నెముకగా నిలిచాడు. ఫేలా పాటలు సైనిక పాలకులకు ములుకులై గుచ్చుకున్నాయి. 1977 ఫిబ్రవరిలో సైనికులు ఆయన నివాసంపై దాడి చేసి దగ్ధం చేశారు. కిటికీలోనుండి త్రోసివేయబడిన ఆయన తల్లి, సుప్రసిద్ధ మహిళా నాయకురాలు ఫున్మిలాయో, మరుసటి సంవత్సరం కన్నుమూశారు. అయినా ఆయన పాట ఆగలేదు. 1997లో ఆయన మరణించినప్పుడు లాగోస్ వీధులు జనసముద్రమయ్యాయి.

ష్రైన్ అనగానే ఆలయాన్ని ఊహించుకున్నాను. కనబడినది రేకుల కప్పు గల విశాలమైన షెడ్డు! మన స్టోర్సు షెడ్డు వంటిదే. ప్లాస్టిక్ కుర్చీలు, గోడలపై ఫేలా చిత్రాలు, కారం దట్టించి నిప్పులపై కాల్చిన ‘సుయా’ మాంసపు ఘాటు, పొగ, వెలుపల జనరేటర్ మోత. లాగోస్‌లో విద్యుత్తును నమ్ముకుని కార్యక్రమం పెట్టుకోరు. విద్యుదుత్పత్తిలో జీవితం గడిపిన నాకు ఆ మోత వింటే ఎవరో బంధువు పలకరించినట్లనిపించింది. జనంలో ఎన్ని రకాలవారో! కళాశాల విద్యార్థులు, మెకానిక్కులు, సూటు ధరించిన అధికారులు, తెల్లవారైన యాత్రికులు. నన్ను చూడగానే ఒక యువకుడు “పాపా” అంటూ లేచి కుర్చీ ఇచ్చాడు. అక్కడ పెద్దవారిని అలాగే సంబోధిస్తారు.

సంగీతం ఆరంభమయింది. మొదట గిటారు ఒక చిన్న పలుకు పలికి, అదే పలుకును మళ్ళీ మళ్ళీ పలుకుతుంది. రెండవ గిటారు దాని సందులలో తన పలుకు పొదుగుతుంది. తరువాత డ్రమ్ములు, గవ్వలో పూసలో అల్లిన సొరకాయబుర్ర షెకెరె, ఆపైన ఇత్తడి వాద్యాలు. గాయకుడు నోరు విప్పడానికి ఎంతసేపయినా పట్టవచ్చు. జనానికి తొందర లేదు. మొదట తలలు, తరువాత భుజాలు, ఆపైన నడుములు కదిలాయి. కాసేపటికి కుర్చీలు ఖాళీ అయ్యాయి.

అప్పుడు గమనించాను. బాస్ గిటారు నాదం కుర్చీ కాళ్ళగుండా, నేలగుండా నా పాదాలలోకి ఎక్కుతున్నది! చెవులలో ప్లగ్గులున్నా ఒక్క దెబ్బ కూడా తప్పిపోవడం లేదు. బేరింగు ఆరోగ్యాన్ని అరచేతితో కనిపెట్టిన అనుభవం ఊరికే పోలేదు. చెప్పులు విప్పి పాదాలు నేలకు ఆనించాను. చెవుల మీద చేయి వేసి “పాపా, పాట వినరా?” అని సైగ చేశాడు కుర్చీ ఇచ్చిన యువకుడు. నేను నేలను చూపించాను. అతడు ఒక్క క్షణం ఆలోచించి, తన బూట్లు కూడా విప్పి నా ప్రక్కన నిలబడ్డాడు. రెండవ జత ప్లగ్గులు ఇవ్వబోతే నవ్వి వద్దన్నాడు.

ఫెమీ కుటీ శాక్సోఫోన్ అందుకున్నాడు. బుగ్గలలోని గాలి వెలువడుతుండగానే ముక్కుతో ఊపిరి పీల్చి స్వరాన్ని తెగకుండా నిలిపే విద్యలో ఆయన దిట్ట. జనం ఊపిరి బిగబట్టి, స్వరం ఆగగానే ఒక్క పెట్టున కేక వేశారు. పాటల నడుమ ఆయన కరెంటు గురించి, రోడ్ల గురించి, లంచాల గురించి చురకలు వేస్తుంటే జనం బదులు పలికారు. వారి పిడ్జిన్ ఇంగ్లీషు నాకు సగమే తెలిసింది. కానీ గాయకుడు ఒక పలుకు అనడం, వందల గొంతులు దానిని అందుకోవడం నాకు కొత్తగా తోచలేదు. చిన్ననాడు ఊరి చావడి ముందు బుర్రకథలో వంతలు అందుకున్న తీరు, హాస్యగాడు దొరలపై విసిరిన చమత్కారానికి జనం ఘొల్లుమన్న తీరు జ్ఞాపకం వచ్చాయి. ప్రతిరోజూ సహించే కష్టాన్ని పదిమందితో కలిసి పాడుకుంటే అది కాసేపు తేలికవుతుంది. సహించనవసరం లేదేమో అనే ఆలోచన కూడా అక్కడే మొలకెత్తుతుంది. ఫేలాను చూసి పాలకులు ఎందుకు జంకారో ఆ గుంపు మధ్య నిలబడితే అర్థమవుతుంది.

స్వదేశానికి తిరిగివచ్చాక మళ్ళీ కచేరీలకు వెళుతున్నాను. మృదంగం వైపు, మొదటి వరుసలో కూర్చుంటాను. తొప్పి మీది గుంకారం స్పష్టంగా అందుతుంది. అందని సంగతులను పాత జ్ఞాపకం పూరిస్తుంది. పోయినదానికి విచారించి ఉన్నదానిని కూడా వదులుకోనవసరం లేదని ఆ రేకుల షెడ్డులోని జనం నాకు నేర్పారు. యంత్రాల దగ్గర పనిచేసే యువ సహోద్యోగులకు మాత్రం ఒక విన్నపం: చెవి ప్లగ్గులు మరువవద్దు. పాదాలు ఎంత విన్నా, వయొలిన్‌ను వినలేవు.