కుసుమాకరుడు – కరువు సీమ

శ్రీమద్భగవద్గీత దశమాధ్యాయమైన విభూతియోగంలో, 35వ శ్లోకమునందు, శ్రీకృష్ణ పరమాత్మ ఋతువులలో తాను కుసుమాకరుడనని, అనగా వసంతుడనని అర్జునునకు తెలియజేశాడు. పుష్పములకు ఆకరమైన కాలం వసంతం. అయితే ఏ సీమలో వసంతాగమనమే జలక్షయానికి ఆరంభమో, ఆ సీమవాసులు ఈ విభూతిని ఏ రీతిని దర్శించాలి?

అనంతపురం జిల్లాలోని యాడికి అట్టి సీమ. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. చైత్రమాసంలో అక్కడ వేప పూస్తుంది, కానుగ పూస్తుంది. ఆ వేళకే బావులు అడుగంటుతాయి. ఆ ప్రాంతపు రైతు దంపతులు ఒక చైత్రంలో తిరుమల వసంతోత్సవ దర్శనార్థం బయలుదేరారు. ఆ యేడు వారి బోరు ఎండింది. చీనీ తోటలో పూత పిందెగా మారకమునుపే రాలిపోయింది. ఇక దైవమే దిక్కని తలచి, తాడిపత్రిలో రైలెక్కి, కడప మీదుగా రేణిగుంట చేరి, కొండనెక్కారు.

తిరుమలలో వసంతోత్సవం చైత్ర పూర్ణిమతో ముగిసేటట్లు మూడు దినాలు జరుగుతుంది. శ్రీదేవీ భూదేవీ సమేతుడైన మలయప్పస్వామి మాడవీధులలో ఊరేగి వసంత మండపానికి వేంచేస్తాడు. రెండవనాడు స్వర్ణరథం. మూడవనాడు సీతాలక్ష్మణ సహితుడైన శ్రీరాముడు, రుక్మిణీ సహితుడైన శ్రీకృష్ణుడు కూడా ఆ వేడుకలో పాల్గొంటారు. ఫలపుష్పలతలతో మండపాన్ని వనంగా తీర్చిదిద్దుతారు. ఎండ తాపం నుండి స్వామికి ఉపశమనం కలిగించే ఉత్సవం గనుక దీనికి ఉపశమనోత్సవమనే పేరు కూడా ఉన్నది. అందుకే పాలు, పెరుగు, తేనె, కొబ్బరినీరు, పసుపు, చందనములతో స్నపన తిరుమంజనం జరుపుతారు.

వేదఘోష నడుమ అభిషేక జలధార పడుతుండగా ఆ ఇల్లాలు భర్త చెవిలో మెల్లగా అన్నది: "ఏమయ్యా, సామికి ఇన్ని నీళ్ళు పోస్తాండారే, మన చెట్లకు ఒక్క కడవన్నా లేకపాయె గదా!" ఆయన బదులు చెప్పలేదు.

ఆ ప్రశ్న నాస్తికం కాదు, ఆర్తి. దానిని అపచారమని త్రోసిపుచ్చడం సులభమే గాని ధర్మం కాదు. పూర్ణకాముడైన పరమాత్మకు తాపమెక్కడిది, స్నానమెందుకు? విశిష్టాద్వైత సిద్ధాంతం పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చ అని భగవంతునికి అయిదు స్థితులను చెబుతుంది. అర్చామూర్తి తన స్వాతంత్ర్యాన్ని మరుగుపరచి భక్తునికి అధీనుడవుతాడు. భక్తుడు స్నానం చేయిస్తే చేస్తాడు, ఆరగింపు పెడితే ఆరగిస్తాడు. సర్వేశ్వరుడు దప్పిక గొన్నవానివలె మన ముందు నిలవడమే సౌలభ్యగుణం. సేవించడమెట్లో జీవునికి నేర్పడానికే ఆ లీల.

నేర్చినది మండపంలోనే నిలిచిపోతే ఆ విద్య అసంపూర్ణం. మండపంలో అర్చగా ఉన్నవాడే దప్పిగొన్న ప్రాణిలో అంతర్యామిగా ఉన్నాడు. భాగవత తృతీయ స్కంధంలో కపిలుడు తల్లి దేవహూతికి ఈ మాటనే స్పష్టపరచాడు: సర్వభూతాలలో ఉన్న ఈశ్వరుని ఉపేక్షించి ప్రతిమను మాత్రమే అర్చించేవాడు బూడిదలో హోమం చేసినవానితో సమానమని ఆయన బోధ. ఇది అర్చానింద కాదు, అర్చకు పరిపూర్తి.

మరునాడు దర్శనానికి వెళ్తూ ఆ దంపతులు మహాద్వారం వద్ద వ్రేలాడుతున్న గునపాన్ని చూశారు. అది అనంతాళ్వారుది. భగవద్రామానుజుల ఆజ్ఞపై శ్రీరంగం నుండి వచ్చి, స్వామికి పుష్పకైంకర్యం చేయడానికి కొండపై పూదోట పెంచిన మహనీయుడాయన. తోటకు నీరు కావాలి గనుక ముందు చెరువు త్రవ్వబూనాడు. గర్భవతియైన భార్య మట్టి మోసింది. బాలుని రూపంలో సాయం చేయవచ్చిన స్వామిపై, తన సేవలో పాలుపంచుకొనరాదని కోపించి, ఆయన విసిరిన గునపం స్వామి చుబుకానికి తగిలిందని ఐతిహ్యం. నేటికీ మూలమూర్తి చుబుకాన పచ్చకర్పూరం అలదడం దాని స్మృతియే.

ఆ గునపాన్ని ఆ రైతు చాలాసేపు చూచి, "పూలకంటె ముందు గుంత తవ్వినాడు సూడు" అన్నాడు. బోరు కోసం భూమిని తొలిచినవానికే ఆ మాట స్ఫురిస్తుంది. పుష్పకైంకర్యానికి మూలం జలకైంకర్యం. ఉత్సవంలో కనిపించే ప్రతి పువ్వు వెనుక ఎవరో మోసిన నీరున్నది.

ఊరు చేరిన తరువాత ఆ దంపతులు బాటప్రక్కన వేపచెట్టు నీడలో చలివేంద్రం పెట్టారు. పొరుగు పొలం నుండి కడవలతో నీరు తెచ్చి కుండలు నింపారు. ధర్మశాస్త్రాలు దీనినే ప్రపాదానమని పేర్కొని, గ్రీష్మతాపవేళ మహాపుణ్యకార్యంగా కీర్తించాయి. వారి బోరులో నీరు పడలేదు. చీనీ చెట్లు మరల చిగురించలేదు. ఫలాపేక్షతో చేసినది కాదు గనుక ఆ సేవ ఆగలేదు. బాటసారి దోసిలిలో నీరు పోసేటప్పుడు ఆ ఇల్లాలు "గోవిందా" అనేది.

కుసుమాకరుని దర్శించడానికి పూదోటయే అక్కరలేదు. తాను దప్పికతో ఉండి కూడా అన్యుని దాహం తీర్చాలన్న సంకల్పం ఏ హృదయంలో వికసిస్తుందో, అక్కడ వసంతుడు సన్నిహితుడై ఉన్నాడు. అట్టి తిరుమంజనానికి తిథివార నియమం లేదు.

సర్వం శ్రీ వేంకటేశ్వరార్పణమస్తు.