చెయ్యి పెట్టలేని నీళ్ళు

మే నెల మధ్యాహ్నం ఏలూరులో బయల్దేరి కైకలూరు రోడ్డెక్కితే, మనకెంత ప్రాణాంతకంగా ఉందో బండికీ అంతే అనుకుంటాం. అది నిజం కాదు. కొల్లేటి సరస్సు మీది గాలి నిండా తడి. చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. రేడియేటరుకు చెమటతో పనిలేదు. లోపలి నీళ్ళకూ బయటి గాలికీ వేడిలో ఎంత తేడా ఉంటే అంత సుఖం దానికి. ఉక్కపోత దాని జోలికి రాదు. రెంటచింతల పొడి ఎండలో మనిషి ఏ చెట్టు నీడనో బతికిపోతాడు గానీ బండికి అక్కడే ఎక్కువ కష్టం. ఇదంతా తెలిసినా, ఎక్కడో ఆగినప్పుడు మోకాళ్ళకు సెగ కొడితే లోపల ఎంత కాగుతోందో చూడాలనే కోరిక మాత్రం పోదు.

చాలా బళ్ళలో ఆ సంగతి చెప్పేది ఒక్క ఎర్ర దీపం. అది వెలిగేసరికే ఆలస్యం. ఇక్కడి చేపల చెరువుల మీద నీళ్ళు తోడే పాత ఆయిల్ ఇంజన్లకు దీపమూ లేదు, ముల్లూ లేదు. తోడిన నీళ్ళలోంచే కొంచెం ఇంజను చుట్టూ తిరిగి సన్నటి గొట్టంలోంచి బయటపడుతుంది. కాపలా మనిషి అటు వెళ్తూ ఆ ధార కింద చెయ్యి పెడతాడు. చెయ్యి ఓర్చుకుంటే ఇంజను కులాసా. చురుక్కుమంటే ఎక్కడో నాచు అడ్డం పడినట్టు. అంతకన్నా నమ్మకమైన మీటరు నేను చూడలేదు. బైకులో నీళ్ళకు మూత బిగించి ఒత్తిడిలో ఉంచారు కాబట్టి చెయ్యి పెట్టే వీలు పోయింది. వేడి మీద ఆ మూత తిప్పినవాడికి చెయ్యే పోతుంది. విడిగా కొని తగిలించుకునే టెంపరేచర్ మీటరు ఆ చేతికి బదులు.

మీటరు, సెన్సరు, గొట్టాన్ని కోసి మధ్యలో దూర్చే అల్యూమినియం జాయింటు, రెండు క్లిప్పులు, కాస్త వైరు: సరుకంతా గుప్పెడు. పేచీ అంతా ఎక్కడ పెట్టాలన్నదే. రేడియేటరు నుంచి తిరిగొచ్చే కింది గొట్టం చేతికి అందుతుందని అక్కడ పెట్టేవాళ్ళున్నారు. ఏలూరులో నా బండి చూసే మెకానిక్కుకు అది గిట్టదు. "అయ్యి చల్లారాక వచ్చే నీళ్ళండి. ఉప్పుటేరు మొగలో కొలిచి కొల్లేట్లో ఎంతుందో చెప్పమంటే ఎలాగండి?" అంటాడు.

నీళ్ళ మట్టం గొడవ ఈ ఊళ్ళవాళ్ళకు తెలిసినంత ఎవరికి తెలుసు? బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చిపడే కొల్లేటికి సముద్రంలోకి దారి ఉప్పుటేరు ఒక్కటే. వరద రోజుల్లో అందరూ అడిగేది పెదఎడ్లగాడి దగ్గర మట్టం ఎంతని. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఈ రోడ్డే చినఎడ్లగాడి దగ్గర నీళ్ళలో ఉంది. 1999లో కొల్లేటి అభయారణ్యానికి హద్దు గీసిందీ ఒక కొలతతోనే: అయిదో కాంటూరు, 308 చదరపు కిలోమీటర్లు. దాన్ని మూడుకు దించాలని 2008లో శాసనసభ తీర్మానం చేసింది. సరస్సు సంగతిలో ఆ తగువు తెగేది కాదు. బండి విషయంలో మాత్రం మెకానిక్కుదే న్యాయం: హెడ్డు నుంచి రేడియేటరుకు పోయే పై గొట్టం. ఇంజను స్టార్ట్ చేశాక థర్మోస్టాట్ తెరుచుకునేదాకా, అంటే ఇంచుమించు 80 డిగ్రీల దాకా, ఆ గొట్టంలోకి వేడి నీళ్ళు సరిగా రావు. అంకె అమాంతం లేస్తే గాభరా పడక్కర్లేదు.

రబ్బరు గొట్టం మధ్యనున్న జాయింటుకు ఎర్త్ అందదు. ఒంటి వైరు సెన్సరైతే జాయింటు నుంచి చాసిస్‌కు వేరే వైరు లాగాల్సిందే. వేడెక్కేకొద్దీ ఈ సెన్సరులో నిరోధం తగ్గుతుంది. ఎర్త్ తుప్పు పట్టి అదనపు నిరోధం చేరిందా, కాగుతున్న ఇంజను కూడా మీటరు మీద చల్లగా కనిపిస్తుంది. కరెంటు తాళం తిప్పితేనే వచ్చే లైనులోంచి, ఫ్యూజు పెట్టి తీసుకోవాలి. కంపెనీ సెన్సరు వైరును గిల్లితే ఇంజను కంప్యూటరు లెక్క తప్పుతుంది. ఇక కూలెంట్ సంగతి. ఈ చుట్టుపక్కల బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పన, అల్యూమినియాన్ని తినేస్తాయి. డబ్బాలో కొన్నదే పోసి, గాలి బుడగలు పోయేదాకా ఓపిక పట్టాలి.

తగిలించాక మొదలయ్యేది భయం. భీమడోలు దాటి తాడేపల్లిగూడెం వైపు సాగినంతసేపూ అంకె ఎనభైల్లో బుద్ధిగా ఉంటుంది. గూడెంలో ఉల్లిపాయల లారీల మధ్య ఇరుక్కుంటే వంద దాటుతుంది. వందకు నీళ్ళు మరుగుతాయని బడిలో నేర్చుకున్న ప్రాణం కదా, గుండె జారుతుంది. సగం నీళ్ళు, సగం గ్లైకాల్ కలిపి, మూత కింద ఒత్తిడిలో ఉంచితే 120 దాటితే గానీ మరగదు. ఫ్యాను గుర్రుమని తిరిగి అంకెను కిందికి లాగుతుంది. నన్నడిగితే అంతకన్నా చూడాల్సింది చెరువు గట్టు మీద. రెండో గేరులో నెమ్మదిగా పోతుంటే, వెనక నుంచి గాలి కూడా అదే వేగంతో వస్తే, రేడియేటరుకు గాలి తగలనట్టే. ఎదురుగాలిని తిట్టుకునే మనం తిరుగు దారిలో దానికి దణ్ణం పెట్టుకోవాలి.

ఈ మీటరు అసలు పని మాత్రం ఇంకా మెల్లగా తెలుస్తుంది. అదే రోడ్డు, అదే పొద్దు, అదే వేగం, అంకె మాత్రం వారం వారం ఒకటీ రెండూ పెరుగుతుంది. ఎర్ర దీపానికి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. వంగి చూస్తే రేడియేటరు రెక్కల నిండా కొల్లేటి పురుగులు, వాటిమీద గట్టు మట్టి, రెండూ ఎండి అట్టకట్టి ఉంటాయి. వెనక వైపు నుంచి మామూలు గొట్టంతో మెల్లగా నీళ్ళు కొడితే ఊడిపోతాయి. గన్ను పెట్టి కొట్టారా, ఆ పల్చటి రెక్కలు వంగి గాలి దారి మూసుకుంటుంది. వాటర్ సర్వీసింగ్ కుర్రాళ్ళకు ఆ మాట చెప్పి చూడండి. అలాగేనండి అంటారు, అని గన్ను తిన్నగా అక్కడే పెడతారు.