కొబ్బరి మొక్కకూ తల్లీతండ్రీ చూడాలి!

మీ పిల్లలు పొద్దున్నే పాలలో వేసుకు తినే కార్న్‌ఫ్లేక్స్ ఉన్నాయే, ఆ కెల్లాగ్ గారికి అరబ్బీ గుర్రాలంటే ప్రాణం. 1925లో కాలిఫోర్నియాలోని పొమోనాలో గుర్రాల క్షేత్రం పెట్టి, 1932లో దాన్ని విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. మేలుజాతి గుర్రాల పెంపకంలో ప్రతి పిల్లకూ తల్లి ఏది, తండ్రి ఏది అని పుస్తకంలో రాసి పెడతారు. "గుర్రాలకు వంశావళి ఏమిటమ్మా!" అని నవ్వకండి. మన కోనసీమలో కొబ్బరి చెట్లకే అలా లెక్క రాసే చోటుంది.

అమలాపురంలో అంబాజీపేట బస్సెక్కండి. అక్కడున్న ఉద్యాన పరిశోధన స్థానం ఒకప్పుడు వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉండేది. 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం వచ్చాక దాని కిందికి చేరింది. ఇక్కడ పుట్టిన సంకర రకమే "గోదావరి గంగ". తల్లి మన తూర్పుతీరపు పొడుగు చెట్టు. తండ్రి బొప్పాయిలా కోలగా కాసే పొట్టి గంగాబొండాం. పొడుగు చెట్టెక్కి, పూలగెలలో మగపూలన్నీ తీసేసి, ఆడపూలకు సంచి కడతారు. అవి విచ్చే వేళకు గంగాబొండాం పుప్పొడి చల్లుతారు. ఆ కాయ ముదరడానికి ఏడాది! చెట్టు త్వరగా కాపుకొస్తుంది, ఏడాదికి సుమారు 140 కాయలిస్తుంది. తర్వాత వచ్చిన రకాలకు వశిష్ఠ గంగ, వైనతేయ గంగ అని మన గోదావరి పాయల పేర్లే పెట్టారు.

ఇక నా పొరపాటు చెబుతాను, వినండి. 1996 నవంబరు 6 తుపానుకు మా పెరట్లో చెట్లన్నీ నేలకొరిగాయి. కొబ్బరిచెట్టంటే మనకు కన్నకొడుకుతో సమానం కదా, మా అత్తగారు రెండ్రోజులు అన్నం ముట్టలేదు. పక్కింటి సంకర చెట్టు విరగకాస్తోందని, దాని కాయే అడిగి తెచ్చి మొలకెత్తించి నాటాను. ఏడేళ్లు నీళ్లు పోశాను. తీరా చూస్తే గెలకు నాలుగైదు కాయలు! సంకర చెట్టు కాయను విత్తనానికి వాడితే తల్లి గుణాలు పిల్లకు నిలకడగా రావని అంబాజీపేట వెళ్లాకే తెలిసింది.

కాబట్టి సంకర చెట్టు కాయ పచ్చడికి, పులుసుకి వాడుకోండి, విత్తనానికి మాత్రం వద్దు. మొక్క కొనేటప్పుడు మెడ లావుగా ఉందా, ఆకులు ఆరైనా ఉన్నాయా చూడండి. తల్లీతండ్రీ ఏ రకమో అడగండి, మొహమాటపడకండి. చీర నచ్చకపోతే మార్చుకుంటాం. చెట్టు సంగతి తెలిసేసరికి మాత్రం పసిపిల్ల బడికి వెళ్లే వయసొచ్చేస్తుంది!