విందులో మితభాషి

మా తోట్లవల్లూరు ప్రాంతమున పెండ్లి యనిన ఊరివారందరి వేడుక. ఇక మాఘమాసమున పదునైదు దినములపాటు జరుగు ఉయ్యూరు వీరమ్మతల్లి తిరునాళ్ళకు చుట్టుప్రక్కల యిండ్లు బంధువులతో నిండిపోవును. పలుకరింపులు, పరిహాసములు కొందరికి బలము నిచ్చును. నావంటివారికి ఒక జాము గడచునప్పటికే తల బరువెక్కును. చూచువారు దానిని గర్వమందురు.

స్విట్జర్లాండు దేశపు మనస్తత్త్వవేత్త కార్ల్ యూంగ్ 1921లో ప్రకటించిన గ్రంథమున మనుష్యులలో అంతర్ముఖులు, బహిర్ముఖులు కలరని వివరించెను. ఆ సంవత్సరముననే గాంధీమహాత్ముడు విజయవాడ కాంగ్రెసు సమావేశమునకు విచ్చేసెను. వేలకొలది జనుల నడుమ నిలిచిన ఆ మహనీయుడు లండనులో చదువుకొను దినములలో శాకాహార సంఘపు సమావేశములయందు నోరు మెదపలేకపోయెడివాడు. 1891లో స్వదేశమునకు బయలుదేరుటకు ముందు మిత్రులకు విందు చేసి, సిద్ధపరచుకొన్న ప్రసంగములో తొలివాక్యము దాటలేకపోయెను. ఆ బిడియమే తనకు మాటల పొదుపు నేర్పినదని ఆత్మకథలో వ్రాసికొనెను. తరువాతి కాలమున సోమవారము మౌనము పాటించుచు, చెప్పవలసినది చీటీపై వ్రాసి చూపెడివాడు. బిడియమును అంతర్ముఖత్వమును ఒకటి కావు. అయినను ఆ సోమవారపు ఏర్పాటు నాకు మిక్కిలి నచ్చినది.

నా మట్టుకు నేను విందులో వడ్డనపని అడిగి పుచ్చుకొందును. చేత నేతిగిన్నె యున్నవానిని ఎవ్వరును కబుర్లకు నిలుపరు. "ఇంకొంచెమా?" అను నొక్క మాటతో నూరుమందిని పలుకరింపవచ్చును! పిమ్మట ఇంటివారిలో ఒకరితో చెప్పి, అరటితోటల వైపు పావుగంట నడచి వత్తును. చెప్పకుండ మాయమగుట మాత్రము తగదు, ఇంటివారు కంగారుపడుదురు.

మీ యీడు బాలుడొకడు, నా శిష్యుడు, తన అక్క పెండ్లినాటి సాయంకాలము అట్లే కనబడకపోయెను. వాని మేనమామయు నేనును వెదకుచు పోగా, కృష్ణ కరకట్టమీద ఒంటరిగా కూర్చుండి యుండెను.

"ఇంటినిండ చుట్టములుండగా ఇక్కడ కూర్చుంటివా? ఎంత పొగరురా నీకు!" అని మామ మండిపడెను.

బాలుడు లేచి నిలిచి, "తెల్లవారుజామున అప్పగింతలు గదా మామయ్యా! అప్పుడు అక్క ప్రక్కన నేనుండవలెను. అందాక ఓపిక మిగుల్చుకొనుచున్నాను" అనెను.

మామ మరేమియు అనలేదు. ఉత్తరీయము సర్దుకొని, వాని ప్రక్కనే కూర్చుండి, ఏటివైపు చూచుచు కొంతసేపు ఊరకుండెను.