నలభై దింపుకున్నా, తొమ్మిదే మిగిలాయి



పోయిన వారం ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు: "అన్నా, ఎక్సెల్ పోటీకి నీ ఫంక్షన్ల ఫైల్ పంపవా?" పంపలేదు. ఎందుకో చెప్తా, కోపం తెచ్చుకోకు తమ్ముడూ.

ఎక్సెల్‌కి ప్రపంచ పోటీలే ఉన్నాయి. ఆస్ట్రేలియా ఆయన ఆండ్రూ న్గాయ్ 2021, 2022, 2023లో వరసగా గెలిచాడు. 2023 ఫైనల్ లాస్ వేగాస్‌లో స్టేజి మీద జరిగింది. ప్రశ్నలన్నీ కంపెనీ లెక్కలే ఉండవు. పేకముక్కలు, గళ్ళ మీద నడిచే బొమ్మలు, కలగలిపిన అక్షరాలు కూడా వస్తాయి. టైమ్ అరగంటో ఎంతో. అందులో ప్రతిదీ మొదటినుంచి రాస్తూ కూర్చోలేం. అందుకే లాంబ్డాతో సొంత ఫంక్షన్ రాసి, నేమ్ మేనేజర్‌లో పేరు పెట్టి ఉంచుకుంటారు. తర్వాత ఆ పేరు కొడితే చాలు.

రెండేళ్ళ క్రితం విశాఖలో ఒక కాలేజీ ఫెస్ట్‌లో ఇలాంటి పోటీ పెట్టారు. ఇద్దరిద్దరు జట్టు. నేనూ, మా ఊరి చెల్లీ వెళ్ళాం. ఏజెన్సీ నుంచి వచ్చింది మేమిద్దరమే. నేను నెట్‌లోంచి నలభై ఫంక్షన్లు దింపుకున్నా. "నువ్వేం భయపడకు, అన్నీ నా దగ్గరున్నాయి" అన్నా.

మొదటి దెబ్బ కూర్చోగానే తగిలింది. వాళ్ళు కొత్త ఫైల్ ఇచ్చారు. ఫంక్షన్లేమో నా పాత ఫైల్‌లో ఉన్నాయి. పేరు పెట్టిన లాంబ్డా ఏ ఫైల్‌లో రాస్తే ఆ ఫైల్‌లోనే ఉంటుందని నాకు తెలీదు. ఒక్కోటి కాపీ చేసుకునేసరికి ఎనిమిది నిమిషాలు పోయాయి.

రెండోది గళ్ళ ప్రశ్న. పైకి, కిందకి, ఎడమకి, కుడికి అని వరసగా అడుగులిచ్చి, బొమ్మ చివరికి ఏ రోలో ఆగిందో అడిగారు. నా ఫంక్షన్ 23 అంది. చెల్లి కాగితం మీద గీసుకుని "17 అన్నా" అంది. "ఫంక్షన్ తప్పు చెప్పదులే" అని 23 వేశా. సరైంది 17. ఆ ఫంక్షన్ రాసినాయన గ్రాఫ్ కాగితం లెక్కన పైకి వెళ్తే ఒకటి కలిపాడు. షీట్‌లో పైకి వెళ్తే రో నంబర్ తగ్గుతుంది కదా! నేను లోపలికి తొంగి చూడనేలేదు.

తిరుగు బస్సులో చెల్లి ఒక్క మాటా అనలేదు. ఓడినందుకు కాదు, ఎవరో రాసిన దాన్ని నమ్మి ఎదురుగా ఉన్న పిల్లని నమ్మలేదే అని నాకు బాధేసింది. మా తాత ఎవరి గొడ్డలీ అరువు తెచ్చుకునేవాడు కాదు, పిడి తన చేతికి తగ్గట్టు తనే చెక్కుకునేవాడు. అది అప్పుడు గుర్తొచ్చింది.

ఆ నలభై తీసేశాం. ఇద్దరం కూర్చుని మొదటినుంచి రాశాం. మొదటిది మాటని అక్షరాలుగా విడగొట్టేది. లెన్‌తో ఎన్ని అక్షరాలో చూసి, సీక్వెన్స్‌తో ఒకటి నుంచి అంతవరకు నంబర్లు తీసి, మిడ్‌తో ఒక్కో అక్షరం కోయాలి. ఖాళీ సెల్ ఇస్తే ఎర్రర్ వచ్చింది, ముందు ఇఫ్ పెట్టాం. రెండోది అంకెల మొత్తం. సున్నా వచ్చింది! మిడ్ ఇచ్చేది అంకె కాదు, టెక్స్ట్. వాల్యూ వేశాక సరిపోయింది. ఇలా తప్పు చేసి దిద్దుకున్నవి ఇప్పటికి తొమ్మిది. అందులో నాలుగు చెల్లివి.

మీరు మొదలుపెట్టేటప్పుడు ఇవి చూసుకోండి:

ఎక్సెల్ 2019, 2021లో లాంబ్డా ఉండదు. 365లో, 2024లో ఉంది. కొనలేకపోతే గూగుల్ షీట్స్‌లో నేమ్డ్ ఫంక్షన్లు ఉచితమే, కాకపోతే కంప్యూటర్ మీద రాసుకోవాలి.

ప్రతి ఫంక్షన్ పక్కనే జవాబు తెలిసిన లెక్కలు మూడు పెట్టండి. ఒకటి ఖాళీ సెల్‌తో ఉండాలి.

అన్నీ నోట్‌ప్యాడ్‌లో కూడా దాచుకోండి. కొత్త ఫైల్‌కి తీసుకెళ్ళడం ఇంటిదగ్గరే అలవాటు చేసుకోండి.

ముందే రాసుకున్నవి వాడొచ్చో లేదో ఆ పోటీ రూల్స్‌లో చదవండి.

తమ్ముడూ, ఫైల్ పంపను గానీ ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్. ఒక లెక్క తెచ్చుకో. చెల్లి కూడా లైన్‌లో ఉంటుంది. నీ మొదటి ఫంక్షన్ నువ్వే రాద్దువుగాని, మేం పక్కనుంటాం.

జోహార్.