దురదయు లజ్జయు

నొప్పిని జూచి జాలిపడు లోకము దురదను జూచి నవ్వును. కాలు విరిగినవానికి పీట వేయుదుము. గోకుకొనువానికి దూరముగా జరుగుదుము. మన భాషయే యిందుకు సాక్షి. వదరుబోతునకు నోటిదురద యందుము. అల్లరివానికి తీట యందుము. తిట్టవలసినచో గజ్జికుక్క యందుము. దేహబాధకు పేరైన మాట దోషమునకు పేరైనది. ఈ మాటలు వినుచు పెరిగిన బాలుడు తన యొంటి దురదను తన తప్పుగా నెంచుట వింతయా?

చరకుడు పామను, దద్రువును క్షుద్రకుష్ఠములలో లెక్కించెను. అచట కుష్ఠమనగా చర్మరోగములన్నిటికిని చెల్లు మాట. జనులు మాత్ర మొక్క మహారోగమునకే ఆ పేరు నిలిపి, దాని భయమును గజ్జికిని అంటగట్టిరి. 1687వ సంవత్సరమున ఇటలీదేశపు వైద్యుడు బొనోమో, గజ్జికి మూలము చర్మములో దూరు సూక్ష్మమైన పురుగని వ్రాసెను. కావున నిది పాపఫలము గాదు. ఇరుకిండ్లలో, ఒక్క పక్కపై నలుగురు పండుకొనుచోట నిది త్వరగా వ్యాపించును. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని నిర్లక్ష్యమునకు గురియైన ఉష్ణమండల వ్యాధులలో చేర్చెను.

ఈ దురద రాత్రివేళ హెచ్చు. నిద్రలేని బాలునికి మరునాడు పాఠము తలకెక్కదు; మందమతి యను పేరు వచ్చును. ఆ పేరు దిగులును తెచ్చును, దిగులు దురదను పెంచును.

నస్పూరులో నేను బొగ్గుగని కార్మికుల బిడ్డలకు చదువు చెప్పుచున్నాను. 7వ తరగతి బాలుడొకడు రెండు నెలలు చేతులు దాచుకొని, వెనుకబల్లపై నొంటరిగా కూర్చుండెను. ఇంటిల్లిపాదియు ఒకే రాత్రి మెడనుండి అరికాలివరకు పెర్మెత్రిన్ లేపనము పూసికొని, వారము పిదప మరల పూసికొనవలెనని వైద్యుడు చెప్పెను. వాని నాయనమ్మ, "నాకు తీట లేదు గద సారూ, నాకెందుకు మందు?" అనెను. మొదటిసారి పురుగు సోకినవారికి దురద పుట్టుటకు 4 నుండి 6 వారములు పట్టుననియు, ఆలోపలనే వారినుండి ఇతరులకు సోకుననియు వివరించితిని. "గట్లనా!" యని యామె చేయి చాచెను.

కొన్ని వారములకు చర్మము మానెను. గజ్జిగాడను పేరు మానలేదు. ఆ పేరునకు లేపనము లేదు. అందుచే నల్లబల్లపై ఎనిమిది కాళ్ల పురుగును గీసి, అది ఎవరి చర్మములోనైనను ఎట్లు దూరునో బోధించితిని. నవ్వులు తగ్గి ప్రశ్నలు పుట్టెను.

ప్రతి పాఠశాలలోను ఈ పాఠము చెప్పవలెను. తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా, గోకుకొను బిడ్డను "గోకకు" మని గద్దించుటకు ముందు, "రాత్రి నిద్రపట్టినదా?" యని యడుగుడు.